మడిస్తే అభిరుచి, తెరిస్తే ఆయుధం

మా ఉప్పుటేర్ల పర్యవేక్షణ శాఖ గురించి మీరు విని ఉండరు. ఉప్పుటేర్లు కూడా విన్నట్టు లేదు. మేం పర్యవేక్షించినా మానినా అవి పోటుకి పైకీ, పాటుకి కిందికీ పోతూనే ఉంటాయి. గోదావరి జిల్లాలో ఒక మోస్తరు ఊళ్ళో, పాత ధాన్యం గోడౌనులో మా డివిజన్ ఆఫీసు. అందులో నేను సీనియర్ అసిస్టెంటుని. పేరు సుంకర అబ్బులు.

ఆ ఆఫీసులో వేళ తప్పకుండా జరిగే పని ఒకటే. ఎండాకాలం సాయంత్రం నాలుగవగానే అటెండరు ధనమ్మ తన పెరటి చెట్టు మామిడికాయలు సంచిలో తెచ్చి నా టేబులు మీద పోస్తుంది. నేను జేబులోంచి చాకు తీసి టక్కుమని తెరుస్తాను. ఉప్పూ కారం టైపిస్టు రమాసుందరి గారి సొరుగులో స్టాంపు ప్యాడు పక్కన ఉంటాయి. తర్వాత పావుగంటసేపు ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. సూపరింటెండెంటు కూర్మనాథం గారు, సెలవు చీటీ ఇస్తే చేతిలో రూల్సు పుస్తకం పెట్టే మనిషి, ఆ పావుగంటా కళ్ళు మూసుకుని పెదాలు చప్పరిస్తూ ఉండిపోతారు. ఆయన దగ్గర సెలవు కావలసినవాళ్ళు అప్పుడే అడుగుతారు.

నా చాకు గురించి చెప్పాలి. మడత చాకులు పోగెయ్యడం నా సరదా. ఖరీదైనవి కావు. తీర్థాల్లో గుడ్డ పరిచి అమ్మేవి, రైల్లో దువ్వెనలతో పాటు తెచ్చేవి, హార్డ్‌వేర్ కొట్లో మేకుల డబ్బాల వెనక దుమ్ముకొట్టుకుపోయేవి. ఇత్తడి చేపలాంటిది ఒకటుంది, తోక పట్టుకుంటే కడుపులోంచి బ్లేడు వస్తుంది. ఎర్ర ప్లాస్టిక్ పిడిది ఉంది. చెంచా, సీసా మూత తీసేదీ కూడా ఉండి ఏదీ సరిగ్గా పనిచెయ్యనిది ఉంది. ఖరీదైన చాకు కొంటే ఎక్కడ పోతుందోనని బెంగ. చవకది పోతే ఇంకోటి వెతుక్కోవచ్చని ఆశ. నేను ఆశాజీవిని. వాటన్నిటినీ నూనె రాసి బిస్కెట్ల డబ్బాలో దాచుకుంటాను. మా ఆవిడ మంగతాయారు, "ఇన్ని చాకులుండీ నాకు కత్తిపీటే గతి" అంటుంది. ఆవిడ బెండకాయలు తరగడానికి ఒకటివ్వమన్నప్పుడల్లా నాకు పేపరు చదవాలనిపిస్తుంది.

అన్నిటిలోకీ నా ప్రాణం మామిడికాయల చాకు. కొమ్ము పిడిది. పెళ్ళయిన కొత్తలో శివరాత్రి తీర్థంలో మంగతాయారే కొనిపెట్టింది. సానరాయి మీద అరిగి అరిగి బ్లేడు సన్నబడింది గాని, పుల్ల మామిడికాయ మీద ఆనిస్తే చాలు, దానంతటదే దిగుతుంది. అది జేబులో లేని రోజు నాకు చెప్పులు లేకుండా బజారుకెళ్ళినట్టుంటుంది.

ఇలా ఉండగా మా డిప్యూటీ డైరెక్టరు విశ్వంభర ప్రసాద్ గారు చల్లని కొండ మీద ఏదో శిక్షణకి వెళ్ళొచ్చారు. వెళ్ళేటప్పుడు మామూలుగానే వెళ్ళారు. వచ్చేటప్పుడు వికసించి వచ్చారు. ఆయన వెనకాలే పై ఆఫీసు ఉత్తర్వు వచ్చింది. "ఉద్యోగుల ఆంతరంగిక వికాసార్థం ప్రతి ఉద్యోగియు విధిగా ఒక అభిరుచి కలిగియుండవలెను. ఇదివరకు లేనివారు గడువులోగా ఏర్పరచుకొని సమర్పించవలెను. గడువులోగా ఏర్పడని అభిరుచికి సంజాయిషీ కోరబడును."

ఆఫీసంతా కూర్మనాథం గారి టేబులు చుట్టూ చేరింది. ఆయన కాసేపు ఆలోచించి తన కాగితం మీద "పుస్తక పఠనం" అని రాసుకున్నారు. ఆయన రాసింది చూసి అందరూ అదే రాశారు. రమాసుందరి గారు ఒక్కరే సాహసించి "సంగీతం వినుట" అని టైపు చేసుకున్నారు. నేను ఉన్నమాట రాశాను. చవక మడత చాకుల సేకరణ.

"నిజం రాసేసేరేంటండీ?" అన్నారు కూర్మనాథం గారు, నా కాగితం చూసి కంగారుపడుతూ. "గవర్నమెంటు ఏదన్నా అడిగితే సమాధానం చెప్పాలి గాని నిజం చెప్తారా ఎవరైనా?"

డిప్యూటీ డైరెక్టరు గారు కూడా తన కాగితం నింపారు. అందులో "ఇతరుల అభిరుచులను ప్రోత్సహించుట" అని ఉంది.

అంతటితో ఆగితే ఎవరికీ నష్టం లేకపోను. ప్రోత్సహించాలంటే ముందు తనిఖీ చెయ్యాలి కదా. ఆయన స్వయంగా ప్రతి టేబులు దగ్గరకీ వచ్చి అభిరుచి చూపించమన్నారు. పుస్తక పఠనంవాళ్ళు ఈమధ్య చదివిన పుస్తకం తెమ్మంటే ఒకరు పంచాంగం, ఒకరు రైళ్ళ టైంటేబులు, కూర్మనాథం గారు రూల్సు పుస్తకం తెచ్చారు. రమాసుందరి గారి చెవుల్లో తీగలు పెట్టించి, ఆవిడ సంగీతం వింటున్నదీ లేనిదీ తెలుసుకోవడానికి ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆవిడ మొదట కొంచెం తల ఊపారు. తర్వాత గురక పెట్టారు.

నా వంతు వచ్చింది. బిస్కెట్ల డబ్బా మూత తీశాను. ఆయన వంగి చూశారు. చేపని పట్టుకుని అటూ ఇటూ తిప్పారు. కొండ మీంచి దిగాక ఆయన మొహం అంత వెలగడం అదే మొదలు.

"ఇది కదా అభిరుచి అంటే," అన్నారు ఆఫీసంతటికీ వినబడేలా. "భౌతికంగా దర్శనీయం. లెక్కింపదగినది. ఒక్కొక్కదానికి ట్యాగు కట్టవచ్చును. అబ్బులు గారూ, ఇంతకాలం మీ వికాసాన్ని ఈ కార్యాలయం గుర్తించలేదు."

నేను సిగ్గుపడ్డాను. పాతికేళ్ళ సర్వీసులో మెమో కాకుండా ఇంకోటి అందుకోవడం అదే మొదటిసారి. ఆ సంతోషంలో, మర్నాడు జరగబోయేది నాకు తట్టలేదు.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. తనిఖీలో రుజువైన అభిరుచి ఒకటే కనుక, రుజువు కాని అభిరుచులన్నీ రద్దు. ఇకపై ఈ కార్యాలయపు అభిరుచి మడత చాకుల సేకరణ. చవకరకమే. ఖరీదైన వాటికి ఆడిట్ అభ్యంతరం రావచ్చును.

ఆ వారం మా ఊరి హార్డ్‌వేర్ కొట్టువాడికి దీపావళి. దుమ్ముపట్టిన డబ్బాలన్నీ ఖాళీ అయ్యాయి. రైల్లో దువ్వెనలమ్మేవాడు దువ్వెనలు మానేశాడు. మొదట తిట్టుకుంటూ కొన్నవాళ్ళే నాలుగు రోజులు తిరిగేసరికి ఒకరి చాకు ఒకరు లాక్కుని చూసుకోవడం మొదలుపెట్టారు. కూర్మనాథం గారు రెండు బ్లేడ్లది సంపాదించి, ఎవరు ఫైలు తెచ్చినా ముందు దాన్ని తెరిచి మూసి చూపించేవారు. ధనమ్మ పాపం తన వంతుగా అడకత్తెర తెచ్చింది. అది కూడా మడుస్తుంది కదా అని. ఆఫీసులో ఎటు విన్నా టక్కు టక్కు. నిజం చెప్పొద్దూ, నాకు ఆనందంగానే ఉంది. ఇన్నాళ్ళూ ఇంట్లోనూ బయటా నన్ను పిచ్చివాడిగా చూశారు. ఇప్పుడు ఆఫీసంతా పిచ్చివాళ్ళే.

ఆ ఆనందం మీద పై ఆఫీసు భద్రతా విభాగం నుంచి వచ్చిన ఉత్తర్వు పడింది. "కార్యాలయ ఆవరణయందు పదునుగల ఏ వస్తువునూ తెరచి ఉంచుట నిషిద్ధము." వికాస విభాగం చాకులుండాలంటుంది. భద్రతా విభాగం కూడదంటుంది. రెండు విభాగాలూ ఒకే మేడ మీద, ఎదురెదురు గదుల్లో ఉన్నాయి. కాని అడగడానికి మనమెవరం?

డిప్యూటీ డైరెక్టరు గారు కమిటీ వేశారు. ఆయన, కూర్మనాథం గారు, రమాసుందరి గారు సభ్యులు. నిపుణుడిగా నన్ను పిలిచి గుమ్మం దగ్గర నిలబెట్టారు.

"ఉత్తర్వును నిశితంగా పరిశీలించగా," అన్నారు డిప్యూటీ డైరెక్టరు గారు, "నిషేధం 'తెరచి' ఉంచుటకే గాని ఉంచుటకు కాదు. కావున మడిచిన చాకు అభిరుచి. తెరిచిన చాకు ఆయుధం. ఈ కార్యాలయం మొదటిదాన్ని ప్రోత్సహిస్తుంది, రెండోదాన్ని శిక్షిస్తుంది."

"మరి సగం తెరిస్తేనోనండి?" అన్నారు రమాసుందరి గారు.

కమిటీ ఆ ఒక్క ప్రశ్న మీద మధ్యాహ్నం దాకా కూర్చుంది. చివరికి కూర్మనాథం గారు, "సగం తెరిచింది సగం అభిరుచి, సగం ఆయుధం అవుద్దండి. సగం మనిషికి అవార్డిచ్చి సగం మనిషిని సస్పెండు చెయ్యలేం కదండీ. అసలు తెరుచుకోకుండా చేసేస్తే గొడవుండదు" అన్నారు. రూల్సు పుస్తకం మూసి చెప్పిన మాట అదొక్కటే. దానికి ఆయనే ఎంత ఏడవాల్సి వచ్చిందో తర్వాత చెప్తాను.

చాకులన్నిటికీ సీలు వెయ్యమని తీర్మానమైంది. ప్రతి చాకునీ మడిచి, నైలాన్ దారం చుట్టి, ముడి మీద లక్క పోసి ఆఫీసు ముద్ర కొట్టడం మొదలైంది. నా డబ్బా మొత్తం వెళ్ళింది. మామిడికాయల చాకు జేబులోంచి తీసి ఇస్తూంటే నా చెయ్యి ఒకసారి వెనక్కి వచ్చింది. ధనమ్మ చూసి మొహం తిప్పుకుంది.

చాకులతో ఆగుతుందా? పదునుగలది ఏదైనా పదునుగలదే. పెన్సిల్ చెక్కే మర సీలు. కవర్లు చింపే బద్ద సీలు. ఫైళ్ళు కుట్టే దబ్బనం సీలు. ధనమ్మ అడకత్తెరకి మాత్రం రెండు సీళ్ళు. ఆఖరికి కత్తెర మిగిలింది. దానికీ దారం చుట్టి, లక్క పోసి, ముద్ర కొట్టేశాక ఒక సంగతి బయటపడింది. దారం ఉండ నుంచి తెంపలేదు. తెంపడానికి ఇంక ఆఫీసులో ఏమీ లేదు. దాంతో కత్తెరనీ, దాని తోకకి వేలాడే దారం ఉండనీ కలిపి బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఆ తర్వాత మా ఆఫీసు పళ్ళతో నడిచింది. తపాలా కవర్లు రమాసుందరి గారు పళ్ళతో కొరికి తీసేవారు. పై ఆఫీసుకి పంపే కాగితాల అంచుల మీద గాట్లు చూసి, ఎలకల బెడద నివారణకి తీసుకున్న చర్యలేమిటని వాళ్ళు మెమో పంపారు.

నాలుగు గంటలకి ధనమ్మ అలవాటుగా కాయలు పోసింది. అందరూ వాటి చుట్టూ నిలబడ్డారు. కూర్మనాథం గారు ఒక కాయ తీసుకుని వాసన చూసి పెట్టేశారు. ఆయనకి పైన కట్టుడు పళ్ళు. "చిన్నప్పుడు తలుపు సందులో పెట్టి నొక్కేవాళ్ళం కాదేటండీ," అంది ధనమ్మ. ఆఫీసులో గట్టి తలుపు డిప్యూటీ డైరెక్టరు గారి గదిదే. ఆయన మీటింగులో ఉన్న సమయం చూసి రోజూ కాయలు దాని సందులోనే నొక్కేవాళ్ళం. ముక్కలు నలిగేవి, సగం రసం నేలపాలయ్యేది, అయినా ఆబగా తినేవాళ్ళం. వారం తిరిగేసరికి బందులు ఊడి తలుపు కింద పడింది. దాన్ని కూడా కమిటీ ముందు పెట్టాలా అని చర్చ జరిగింది గాని, తలుపు తెరిచి ఉంచడం మీద నిషేధం లేదని తేలింది.

ఇదంతా నవ్వుకుని ఊరుకునేవాణ్ణే. కాని ఒకరోజు డిప్యూటీ డైరెక్టరు గారు పిలిచి శుభవార్త చెప్పారు. మా కార్యాలయం రాష్ట్రానికి ఆదర్శంగా ఎంపికైంది. శనివారం మంత్రిగారు వచ్చి చాకుల ప్రదర్శన ప్రారంభిస్తారు. సోమవారం చాకులన్నిటినీ ఐటీఐ వర్క్‌షాపుకి పంపి, మర మీద పదును శాశ్వతంగా తీయించేస్తారు. సీళ్ళు ఎప్పటికైనా ఊడతాయి, పదునే లేకపోతే ఇంక భద్రతా విభాగానికి బెంగ ఉండదు.

"మొట్టమొదట మీ కొమ్ము పిడి చాకునే పంపుతున్నాం," అన్నారు. "ఇది మీకు గౌరవం."

"అయ్యా, వద్దండి," అన్నాను. "అది మా ఆవిడ ఇచ్చిందండి. ఇన్నేళ్ళూ నేను చేత్తో పదును పెట్టుకున్నదండి. పదును పోతే అది చాకు కాదండి, రేకుముక్కండి."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. కోపం లేదు ఆయనకి. జాలిగానే చూశారు. "అబ్బులు గారూ, మీరు భావోద్వేగానికి లోనవుతున్నారు. అభిరుచికి పదును ఉండవలెనని ఏ జీవోలోనూ లేదు."

ఆ రాత్రి అన్నం సయించలేదు. మంగతాయారు అడిగితే చెప్పాను. ఎప్పటిలా ఎత్తిపొడుస్తుందనుకున్నాను. "దాన్ని నేను బేరం ఆడి కొన్నానండి," అంది. "పదును చూసుకుని మరీ."

శనివారం పొద్దున్న పదింటికి రావలసిన మంత్రిగారు సాయంత్రం నాలుగు కావస్తూండగా వచ్చారు. పంచె, లాల్చీ, పెద్దాయన. పొద్దుటినుంచీ ఏమీ తినలేదని ఆయన వెనకాల మనిషి గొణుగుతున్నాడు. రికార్డు రూము గుమ్మానికి అడ్డంగా ఎర్ర పట్టు రిబ్బను. డిప్యూటీ డైరెక్టరు గారు చెయ్యి ఊపగానే రమాసుందరి గారు వెండి పళ్ళెంలో కత్తెర తెచ్చారు. కత్తెర చుట్టూ దారం, దారం మీద లక్క. వెనకాలే దారం ఉండ నేల మీద దొర్లుకుంటూ వచ్చింది.

మంత్రిగారు కత్తెర తీసుకుని తెరవబోయారు. అది తెరుచుకోలేదు.

"సీలు, సార్," అన్నారు డిప్యూటీ డైరెక్టరు గారు గర్వంగా. "సంపూర్ణ భద్రత." తర్వాత ఆయనకే విషయం అర్థమై మొహం పాలిపోయింది. కమిటీ ముగ్గురూ అక్కడే ఉన్నారు కాబట్టి సీలు తియ్యడానికి అభ్యంతరం లేదు. కూర్మనాథం గారు లక్కని బల్ల అంచుకేసి కొట్టి పగలగొట్టారు. నైలాన్ దారం మాత్రం లాగితే ఆయన వేలు కోసుకుంది గాని తెగలేదు. "దారం తెగాలంటే కత్తెర కావాలండి," అన్నారు ఆయన, వేలు నోట్లో పెట్టుకుని.

"లోపల చాకుల ప్రదర్శనన్నారు కదయ్యా," అన్నారు మంత్రిగారు. "ఒకటి తెండి."

"లోపలికి వెళ్ళాలంటే రిబ్బను కత్తిరించాలి, సార్. పైగా వాటికీ సీళ్ళే."

"పోనీ రిబ్బను ముడి విప్పీండి."

కూర్మనాథం గారు వేలు తీసి వినయంగా చెప్పారు. "ఆహ్వాన పత్రికలో కత్తిరించి అని ఉందండి. విప్పడం ముగింపు సభలో అండి, ఆయ్."

మంత్రిగారు చుట్టూ ఉన్న అందరి మొహాలూ చూశారు. తర్వాత పంచె కొంచెం ఎత్తిపట్టుకుని, నడుం వంచి, రిబ్బను కింది నుంచి లోపలికి దూరారు. ఫోటోగ్రాఫరు సరిగ్గా అప్పుడే నొక్కాడు. వెనకాల అధికారులంతా ఒకరి తర్వాత ఒకరు వంగి దూరారు. నేనూ వంగాను.

లోపల దీపం వెలిగించారు. బల్లల నిండా చాకులు. జిల్లాలో అన్ని చాకులు ఒక్కచోట ఎప్పుడూ చేరి ఉండవు. అన్నీ దారాలు చుట్టుకుని మూతి బిగించుకుని పడున్నాయి. నా కొమ్ము పిడి చాకుని మధ్యలో వెల్వెట్టు గుడ్డ మీద పెట్టి, "ఆదర్శ చాకు" అని చీటీ పెట్టారు. మంత్రిగారు దాని ముందు ఆగారు.

"మా నాన్న దగ్గర ఇలాంటిదుండేదయ్యా," అన్నారు. "మొలలో పెట్టుకునేవాడు. ముంజెలూ అదే, మామిడికాయా అదే."

అప్పుడే గోడగడియారం నాలుగు కొట్టింది. ధనమ్మకి మంత్రిగారైనా ఒకటే, మామూలు రోజైనా ఒకటే. సంచి తెచ్చి నేను నిలబడ్డ బల్ల మీద కాయలు పోసేసింది. సొన వాసన గదంతా అలుముకుంది. కూర్మనాథం గారు కళ్ళు మూసుకున్నారు. మంత్రిగారు గుటక వేశారు.

"కొయ్యండయ్యా ఒకటి," అన్నారాయన.

"క్షమించాలి, సార్," అన్నారు డిప్యూటీ డైరెక్టరు గారు. "ఇది అభిరుచి. తెరిస్తే ఆయుధం అవుతుంది."

"మరి మీరు కాయలెలా తింటారయ్యా?"

"అయ్యగారి తలుపు సందులో పెట్టి నొక్కేవాళ్ళమండి," అంది ధనమ్మ. "ఇప్పుడా తలుపూ లేదండి."

నేను చాకు వైపు చూశాను. సోమవారం దాన్ని మర మీద పెడతారు. ఇన్నేళ్ళు నా జేబులో ఉన్నది, దారం చుట్టుకుని, కొయ్యకుండానే మొద్దుబారిపోతుంది. పోయేది ఎలాగూ పోతుంది, పోయేముందు ఒక్క కాయైనా కొయ్యనీ అనుకున్నాను. సర్వీసు గుర్తొచ్చింది, పెన్షను గుర్తొచ్చింది. అయినా చెయ్యి చాచి చాకు తీసుకుని, ముడిని దీపం మీద పెట్టాను. లక్క కరిగి కారింది. నైలాను చిటపటలాడి తెగింది.

గోటితో బ్లేడు లాగాను. టక్కుమంది.

చాలా రోజుల తర్వాత విన్న చప్పుడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు. కాయ మీద ఆనించాను. దానంతటదే దిగింది. రమాసుందరి గారు ఉప్పూ కారం ఎక్కణ్ణుంచి తెచ్చారో తెలీదు. మొదటి ముక్క మంత్రిగారికిచ్చాను. రెండోది ఆయనే తీసి డిప్యూటీ డైరెక్టరు గారి చేతిలో పెట్టారు. మంత్రిగారిచ్చింది కాదనడానికి రూలు లేదు. ఆయన ముక్క కొరికారు. మొహం మొత్తం ఒక్కసారి ముడుచుకుని మళ్ళీ విచ్చుకుంది.

పావుగంటసేపు ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు.

వెళ్ళేటప్పుడు ఆ చాకుతో రిబ్బను కోద్దామని ఎవరో అన్నారు. అప్పటికే మంత్రిగారు లోపలుండగా తీసిన ఫోటోలున్నాయి కనుక, ఇప్పుడు ప్రారంభిస్తే ప్రారంభం కాకముందే తిన్నట్టవుతుందని కూర్మనాథం గారు వద్దన్నారు. మంత్రిగారు మళ్ళీ వంగే వెళ్ళారు.

సోమవారం పొద్దున్న నా టేబులు మీద సంజాయిషీ మెమో ఉంది. "ప్రదర్శనయందలి అభిరుచిని ఆహార నిమిత్తము తెరచినందులకు." ఐటీఐ బండి గుమ్మంలో ఆగి ఉంది. నేను ఏం రాయాలో తెలియక కూర్చుంటే కూర్మనాథం గారు వచ్చి కాగితం లాక్కున్నారు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రెండు రాత్రులు రూల్సు పుస్తకం చదివారట. పుస్తక పఠనమని ఆయన రాసింది అప్పటికి నిజమైంది.

"మీరు నోర్మూసుకు కూచోండి," అన్నారు. "నా మామిడికాయ ముక్క జోలికొచ్చేరండి వీళ్ళు."

ఆయన రాసిన నోటు పై ఆఫీసులో ఇప్పటికీ చూపించుకుంటారని వినికిడి. సారాంశం ఇది. మంత్రిగారు స్వయంగా స్వీకరించిన మామిడికాయ ముక్క ఈ కార్యాలయపు అభిరుచిగా గుర్తించబడినట్టే. కావున సేకరించవలసినది మామిడికాయ. చాకు అభిరుచి కాదు, అభిరుచికి అవసరమైన పనిముట్టు. పనిముట్టు తెరవనిదే పని జరగదు. పని జరగనిచో అభిరుచి రుజువు కాదు. అభిరుచి రుజువు కానిచో వికాస విభాగపు ఉత్తర్వు ఉల్లంఘన. మొద్దు చాకుతో కాయ తెగదు కనుక పదును తీయించుట మంత్రిగారి అభిరుచికి భంగము.

డిప్యూటీ డైరెక్టరు గారు ఆ నోటు రెండుసార్లు చదివారు. చివరి వాక్యం మూడోసారి కూడా చదివారు. ఐటీఐ బండి ఖాళీగా వెళ్ళిపోయింది. సీళ్ళన్నీ ఊడదీసేశారు. దారాలు నా చాకుతోనే కోశాను.

"మరి కాయల రోజులు అయిపోతేనో?" అని అడిగాను కూర్మనాథం గారిని.

"జామకాయలున్నాయి కదండీ. సవరణ ఉత్తర్వు డ్రాఫ్టు రాసి పెట్టేను, ఆయ్."

రికార్డు రూము రిబ్బను ఇంకా అలాగే ఉంది. ప్రారంభం కాని గది కాబట్టి దాన్ని తెంపడానికి ఎవరికీ అధికారం లేదు. పాత ఫైలు కావలసినవాళ్ళు వంగి వెళ్ళి వంగి వస్తారు. మంగతాయారు ఇప్పుడు ఎర్ర పిడి చాకుతో బెండకాయలు తరుగుతోంది. జిగురు చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది గాని, పేపరు మాత్రం చదవడం లేదు.

డిప్యూటీ డైరెక్టరు గారు రోజూ నాలుగింటికి మా హాల్లోకి వచ్చి అభిరుచి తనిఖీ చేస్తారు. కారం చాలలేదని ముక్క తిప్పి పంపుతారు. మొన్న అందరూ వెళ్ళాక నా టేబులు దగ్గర ఆగిపోయారు. చేప చాకు చేతిలోకి తీసుకుని తెరిచారు, మూశారు. ఇంకోసారి తెరిచారు. కొండ మీద నేర్చుకున్న మాటలేవీ ఆయనకి అప్పుడు గుర్తున్నట్టు లేదు.

"ఇలాంటివి ఎక్కడ దొరుకుతాయి అబ్బులు గారూ?" అన్నారు మెల్లిగా. "ఆఫీసుకి కాదు. నాకు."

చేపని ఆయన జేబులోనే వేశాను. నాకు ఇంకోటి వెతుక్కునే ఆశ ఉంది కదా. ఇప్పుడు పై ఆఫీసు ఉత్తర్వులు ఆయన గంభీరంగా చదివి వినిపిస్తూంటే, మధ్యమధ్య బల్ల కింది నుంచి టక్కుమని చిన్న చప్పుడు వస్తుంది. మేం విననట్టు తలలూపుతాం.